ఇంటర్ రెండో సంవత్సరంలో ప్రవేశ పరీక్షల దరఖాస్తులు: ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న – ఒక విద్యార్థిని తల్లి, గుంటూరు

అందరికీ నమస్కారం. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. చదువు విషయంలో నాకు దిగులు లేదు. దిగులంతా దరఖాస్తులు, ధ్రువపత్రాలు, కౌన్సెలింగ్‌ల గురించే. జాతీయ స్థాయి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్, రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రెండూ రాయించాలని ఇంట్లో అనుకున్నాము. బిట్స్ సంస్థ ప్రవేశ పరీక్ష బిట్‌శాట్‌తో పాటు వీఐటీ, ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయాల పరీక్షలకు కూడా కట్టమని తోటి పిల్లల తల్లిదండ్రులు చెబుతున్నారు. ఇవి చాలవన్నట్టు, అమ్మాయికి చిన్నప్పటి నుంచి కట్టడాల బొమ్మలు వేయడం ఇష్టం కాబట్టి ఆర్కిటెక్చర్ చదవాలన్న కోరిక కూడా ఉంది. మాది బీసీ–డి వర్గం. అమ్మాయి దగ్గర ఫోన్ ఉండదు, సెలవులకు తప్ప ఇంటికి పంపరు. దరఖాస్తులన్నీ కళాశాల వారే నింపుతామంటున్నారు. అంతా వారికి వదిలేయవచ్చా? మేము ముందుగా సిద్ధం చేసుకోవలసినవి ఏమిటి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం – గణితం అధ్యాపకుడు, విజయవాడ

అమ్మా, దరఖాస్తును కళాశాల వారు నింపితే నింపనివ్వండి, కానీ అందులో ఇచ్చే ఫోన్ నంబరు, ఈమెయిల్ మాత్రం తప్పకుండా మీ ఇంటివే అయి ఉండాలి. ఓటీపీలు, హాల్ టికెట్టు సమాచారం, చివరకు జూన్, జులై నెలల్లో కౌన్సెలింగ్ లాగిన్ వరకు అన్నీ వాటి మీదే నడుస్తాయి. వందల మంది పిల్లల దరఖాస్తులను ఒకే గదిలో కూర్చుని నింపే చోట్ల ఎవరిదో ఒక నంబరు వేసి పని ముగించడం నేను చూశాను. పిల్లలు హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిన తరువాత ఆ నంబరు గల మనిషిని వెతుక్కోవలసి వస్తుంది. జేఈఈ మెయిన్ జనవరి, ఏప్రిల్ నెలల్లో రెండు విడతలుగా జరుగుతుంది. జనవరి విడతకు వచ్చిన దరఖాస్తు సంఖ్య, పాస్‌వర్డ్‌లతోనే ఏప్రిల్ విడతకూ లాగిన్ కావాలి కనుక ఆ రెండింటినీ ఇంట్లో ఒక పుస్తకంలో రాసి ఉంచండి.

రెండవది పేరు. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో కూడా అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ప్రాంతంలో ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, మరో కాగితంలో పూర్తిగా ఉండటం చాలా సాధారణం. ఆధార్ సవరణకు సమయం పడుతుంది, పైగా అమ్మాయి స్వయంగా కేంద్రానికి రావాలి కాబట్టి దసరా సెలవుల్లోనే ఆ పని పూర్తి చేయండి. 2025 జనవరి విడతకు 2024 అక్టోబరు 28న దరఖాస్తులు మొదలై నవంబరు 22న ముగిశాయి. ఏటా తేదీలు కొంచెం అటూ ఇటూ అయినా, దసరా తరువాత మీకు దొరికే వ్యవధి తక్కువేనని గమనించండి. ఏప్రిల్ విడత దరఖాస్తు ఫిబ్రవరిలో, అంటే ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షల ఒత్తిడి మధ్య వస్తుంది. రెండు విడతల్లో మెరుగైన స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు కాబట్టి రెండూ రాయించడం మంచిది.

ఒక అధ్యాపకుడిగా నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే విషయం పబ్లిక్ పరీక్షలను పిల్లలు చులకనగా చూడటం. ఈఏపీసెట్ ర్యాంకులో 75 శాతం ప్రవేశ పరీక్షది అయితే, మిగిలిన 25 శాతం ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల మార్కులది. మెయిన్‌లో ఎంత మంచి ర్యాంకు వచ్చినా, ఎన్‌ఐటీల్లో (కేంద్ర ఇంజినీరింగ్ సంస్థల్లో) ప్రవేశానికి ఇంటర్‌లో 75 శాతం మార్కులైనా ఉండాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సెంటైల్‌లోనైనా (అంటే పై 20 శాతం మందిలో) నిలవాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఇది 65 శాతం. కాబట్టి జనవరి విడత ముగిసిన మరునాటి నుంచి పబ్లిక్ పరీక్షలు ముగిసే వరకు అమ్మాయిని వాటి మీదే ఉండనివ్వండి.

సమాధానం – ఒక తండ్రి, పటమట

మా అబ్బాయి ఇప్పుడు తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో చదువుతున్నాడు. ధ్రువపత్రాల గురించి, డబ్బు గురించి నాకు తెలిసినది చెబుతాను.

మీ దగ్గర ఉన్న బీసీ–డి కుల ధ్రువపత్రం ఈఏపీసెట్‌కు పనికి వస్తుంది. జేఈఈకి, జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ వంటి సంస్థల సీట్లు కేటాయించే ఉమ్మడి) కౌన్సెలింగ్‌కు అది చాలదు. వాటికి కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (ఆదాయం, హోదా పరిమితులు దాటని కుటుంబం అని తెలిపే) ధ్రువపత్రం కావాలి, అది కూడా ప్రవేశం పొందే సంవత్సరం ఏప్రిల్ 1న గానీ ఆ తరువాత గానీ జారీ అయినదై ఉండాలి. ముందుగా మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నదో లేదో చూసుకోండి, ఎందుకంటే రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షల రూపాయలు. ఇందులో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు, అయితే తల్లిదండ్రుల ఉద్యోగ హోదాను విడిగా పరిశీలిస్తారు. ఈడబ్ల్యూఎస్ (ఇతర రిజర్వేషన్లు లేని, ఆర్థికంగా వెనుకబడిన) వారికి పరిమితి అదే 8 లక్షలైనా జీతం, పొలం, వ్యాపారం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఈ తేడా తెలియక ఆశ వదులుకునే కుటుంబాలు ఉన్నాయి కనుక ఇక్కడ రాస్తున్నాను.

జనవరి విడత దరఖాస్తు నాటికి కొత్త పత్రం ఉండదు కాబట్టి స్వీయ ప్రకటన పత్రం ఇచ్చే వీలు కల్పిస్తున్నారు. ఏప్రిల్ మొదటి వారంలోనే మీ వార్డు సచివాలయానికి వెళ్ళి, కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే కావాలని స్పష్టంగా అడగండి. పత్రం చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, తేదీ అక్కడే సరిచూసుకోండి.

డబ్బు విషయానికి వస్తే, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ కౌన్సెలింగ్‌ను ఏప్రిల్, మే నెలల్లోనే మొదలుపెట్టి, ఈఏపీసెట్ సీట్ల కేటాయింపుకు ఎంతో ముందే ఫీజు కట్టమంటాయి. అమ్మాయి ఏ ర్యాంకు లోపు వస్తే ఎక్కడ చేర్చాలో, ఎంత వరకు భరించగలరో మార్చిలోనే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఫీజు కట్టమని వారి నుంచి ఫోన్ వచ్చిన రోజున, రేపటితో గడువు ముగుస్తుందని చెబుతున్నప్పుడు, ఎవరమూ నిదానంగా ఆలోచించలేము.

సమాధానం – బీఆర్క్ విద్యార్థిని, స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, విజయవాడ

నమస్కారం ఆంటీ. మీ అమ్మాయి కోరిక గురించి చదివి ఇది రాస్తున్నాను. ఆర్కిటెక్చర్‌కు జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఎ అని విడిగా ఉంటుంది. దరఖాస్తులో బీఈ, బీటెక్ పేపర్‌తో పాటు దానిని కూడా ఎంచుకోవాలి. కళాశాలల్లో ఇంజినీరింగ్ పిల్లలే ఎక్కువ కాబట్టి ఎవరూ గుర్తు చేయరు, మీరే అడిగి పెట్టించండి. ఆ పేపర్ మొత్తం 400 మార్కులకు ఉంటుంది. గణితానికి 100, ఆప్టిట్యూడ్‌కు 200, డ్రాయింగ్‌కు 100 మార్కులు. డ్రాయింగ్ మాత్రం కాగితం మీద చేతితోనే వేయాలి. ఐటీఐ రోడ్డులోని మా సంస్థలో గానీ, భోపాల్, ఢిల్లీ సంస్థల్లో గానీ, బీఆర్క్ ఉన్న ఎన్‌ఐటీల్లో గానీ సీట్లు ఈ ర్యాంకు ఆధారంగా జోసా ద్వారానే ఇస్తారు. ఐఐటీల్లో ఆర్కిటెక్చర్‌కు ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ తరువాత ఏఏటీ అనే మరో పరీక్ష ఉంటుంది. ప్రైవేటు ఆర్కిటెక్చర్ కళాశాలలకు నాటా అనే ఆర్కిటెక్చర్ అభిరుచి పరీక్ష స్కోరు కావాలి. ఇది ఐదేళ్ల కోర్సు, రాత్రుళ్లు కూర్చుని బొమ్మలు గీసే పని చాలా ఉంటుంది. ఇష్టం ఉన్నవారికి ఇంతకంటే ఆనందం కలిగించే చదువు లేదని నా నమ్మకం.

తిరిగి ప్రశ్న – విద్యార్థిని తల్లి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. పేపర్ 2ఎ సంగతి మాకు ఇంతవరకు తెలియనే తెలియదు. మాస్టారూ, మరి ఆ మిగిలిన పరీక్షలన్నీ కట్టించమంటారా?

సమాధానం – గణితం అధ్యాపకుడు, విజయవాడ

అన్నీ వద్దమ్మా. సీటు వస్తే నిజంగా చేర్చే ఉద్దేశం ఉన్న చోట్లకే కట్టండి. బిట్స్‌లో ప్రవేశానికి ఎంపీసీ మొత్తం మీద 75 శాతం, ఒక్కొక్క సబ్జెక్టులో కనీసం 60 శాతం మార్కులు ఉండాలి. అక్కడి ఫీజు కూడా తక్కువేమీ కాదు. ఐనవోలులోని వీఐటీ, నీరుకొండలోని ఎస్‌ఆర్‌ఎం ప్రాంగణాలు మీకు దగ్గరే కాబట్టి ఒక ఆదివారం వెళ్ళి చూసి, అక్కడి పిల్లలతో మాట్లాడి, ఆ రెండింటిలో ఏది కట్టాలో నిర్ణయించుకోండి. పబ్లిక్ పరీక్షలకు, మెయిన్ ఏప్రిల్ విడతకు, మే నెలలో వచ్చే ఈఏపీసెట్‌కు మధ్య ప్రతి వారం ఒక పరీక్ష కేంద్రానికి ప్రయాణం పెట్టుకుంటే అమ్మాయి అలసిపోతుంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటల సమయం, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. దానికి వేగం కావాలి, వేగానికి తీరికగా చేసిన సాధన కావాలి. ఆర్కిటెక్చర్ విషయం మాత్రం దసరాకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మాయితో తేల్చుకోండి, అక్టోబరు చివరలో దరఖాస్తు తెరిచే నాటికి ఆ జవాబు మీ దగ్గర ఉండాలి.