అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యం కోర్టులో చెల్లాలా?

నల్లకోటు:
అకారణ సోదాల నుంచి పౌరులను కాపాడే అమెరికా నాలుగో సవరణ లాంటి అధికరణం మన రాజ్యాంగంలో లేదు. 1954లో ఎం.పి.శర్మ కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు ఎనిమిది మంది ఆ మాటే ఎత్తి చూపారు. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను 21వ అధికరణం (జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ) కిందికి తెచ్చింది. అయినా 1973 నాటి పూరణ్‌మల్ తీర్పు ఇంకా నడుస్తూనే ఉంది: సోదా చట్టవిరుద్ధమైనా, దొరికింది కేసుకు సంబంధించినదైతే సాక్ష్యమే, ఏదైనా చట్టం స్పష్టంగా వద్దంటే తప్ప. హక్కు ఉందంటూనే దాన్ని తొక్కి తెచ్చిన సరుకుకు ఎగ్జిబిట్ నంబరు వేసి సాక్ష్యంగా తీసుకుంటున్నాం. అసలు లోపలికే రానివ్వకూడదంటాను.

మొఫసిల్ పీపీ:
గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాని శిక్ష. సోదాకు కారణాలు రాయడం ఎస్సై మరిచాడని అంత సరుకూ లేనట్టే అనుకోవాలా? కఠినమైన రూలు ఏం చేస్తుందో మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 50లో చూశాం. నిందితుడి ఒంటిని సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేటు ఎదుట చేయించుకునే హక్కు ఉందని చెప్పాలి. ఇప్పుడు ఏ ఫైలు తీసినా ఒకటే కాగితం: "మీ మీద నాకు నమ్మకం ఉంది, మీరే సోదా చేయండి." అక్షరం మారదు. రూలు బిగిస్తే సోదా మారలేదండీ, రాత మారింది.

సెక్షన్50:
పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారూ, ఆ కాగితమే కేసులు కూల్చింది కదా! 2010లో జడేజా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది: "గెజిటెడ్ అధికారి కావాలా?" అని అడిగితే చాలదు, అది నీ హక్కు అని చెప్పాలి. 2014లో పరమానంద్ కేసులో ఇద్దరు నిందితులకూ కలిపి ఒకటే నోటీసు ఇచ్చారు, పైగా సోదాకు వచ్చిన బృందంలోని సూపరింటెండెంట్ ఎదుట చేయించుకోవచ్చని మూడో దారి చూపారు. రెండూ చెల్లలేదు. అయితే ఒంటి మీద కాక సంచిలో దొరికితే సెక్షన్ 50 వర్తించదని 2005లో పవన్‌కుమార్ తీర్పు చెప్పింది. అందుకే రిపోర్టుల్లో సరుకంతా సంచుల్లోనే ఉంటుంది మరి.

మధ్యవర్తి:
గొడవ ఎక్కువగా పంచనామాలోనే (సాక్షుల ఎదుట రాసే సోదా రికార్డు) ఉంటుంది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 103 ప్రకారం ఆ ప్రాంతంలోని స్వతంత్రులు ఇద్దరైనా ఉండాలి, ఇంట్లోవాళ్లను సోదా చూడనివ్వాలి, జాబితా నకలు ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి సెక్షన్ 105 కింద సోదాను జాబితా రాయడం, సంతకాలతో సహా వీడియో తీసి, ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకు పంపాలి. డిఫెన్సు చూడాల్సినవి ఇవి:

వీడియో ఎక్కడ మొదలైంది? సంచి విప్పాక మొదలైతే సంచి ఎవరి చేతిలోంచి వచ్చిందో అందులో ఉండదు. ఫైలు సమయం, పంచనామా మొదలు–ముగింపు సమయాలు, ఎఫ్‌ఐఆర్ సమయం మూడూ పక్కపక్కన పెట్టండి. పంచనామా ముగిసింది సాయంత్రం 4.30కి, ఎఫ్‌ఐఆర్ కట్టింది 6కి అనుకోండి. ఆ పంచనామా తల మీద ఎఫ్‌ఐఆర్ నంబరు అదే సిరాతో, అదే చేతిరాతతో ఎలా వచ్చింది? స్టేషన్లో కూర్చుని రాశారన్న వాదన ఆ ఒక్క అంకె మీద నిలబడుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దాని మీదే కూర్చోండి.

నల్లకోటు:
ఇదంతా చేసినా జడ్జి "లోపమే గానీ కేసు పోదు" అని రాయొచ్చు. వీడియో తీయకపోతే ఏమవుతుందో 105లో ఒక్క ముక్క లేదు.

కెనడా బాబాయ్:
రెండు కొసలే ఎందుకు? ఇక్కడ కెనడాలో హక్కుల చార్టర్ సెక్షన్ 8 అన్యాయమైన సోదాను ఆపుతుంది, 24(2) సాక్ష్యం సంగతి చూస్తుంది. ఆ సాక్ష్యాన్ని తీసుకుంటే న్యాయవ్యవస్థకే మచ్చ వస్తుందనుకుంటే కొట్టేస్తారు. 2009 గ్రాంట్ తీర్పు నుంచి మూడు తూస్తారు: పోలీసుల ఉల్లంఘన ఎంత ఘోరం, నిందితుడి హక్కుకు ఎంత దెబ్బ, కేసు విచారణ జరగడంలో సమాజానికి ఎంత ఆసక్తి. మన లా కమిషన్ కూడా 1983లో 94వ నివేదికలో కోర్టుకు ఇలాంటి విచక్షణ ఇమ్మంది. ఎవరూ పట్టించుకోలేదు.

మొఫసిల్ పీపీ:
విచక్షణ అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక కోర్టులో చెల్లింది పక్క కోర్టులో చెల్లదు, అప్పుడు మళ్లీ మీరే వస్తారు.

మధ్యవర్తి:
చట్టాన్నే కొట్టేయించిన దారీ ఉంది, అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచే. స్టాంపు చట్టం సెక్షన్ 73కి రాష్ట్రం చేసిన సవరణ ప్రకారం కలెక్టరు అనుమతి ఇస్తే ఎవరైనా బ్యాంకులోని పత్రాలు తిరగేయొచ్చు, తీసుకుపోవచ్చు. హైకోర్టు కొట్టేసింది, 2004లో కెనరా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. గోప్యత మనిషిది, చోటుది కాదని, కాగితం బ్యాంకుకు ఇచ్చినంత మాత్రాన పోదని చెప్పింది.

సెక్షన్50:
చదివేవాళ్లకు ఒక జాగ్రత్త. అక్రమ సోదాను ఇంటివాళ్లు ప్రతిఘటించవచ్చని 1963 రాధాకిషన్ తీర్పులో ఉంది కదా అని తలుపుకు అడ్డం నిలబడకండి. ప్రభుత్వోద్యోగి మీద బలప్రయోగం, విధులకు ఆటంకం అంటూ బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 132, 221 కింద ఇంకో కేసు మీద పడుతుంది. వారెంటు లేని సోదా అయితే బీఎన్‌ఎస్‌ఎస్ 185 కింద పోలీసులు ముందే కారణాలు రాసి, 48 గంటల్లోపు నకలు మెజిస్ట్రేటుకు పంపాలి. ఇంటి యజమాని గానీ అందులో ఉండేవాళ్లు గానీ అర్జీ పెడితే ఆ నకలు కోర్టు ఉచితంగా ఇస్తుంది. మూడో రోజే అర్జీ వేయండి. ఇంకా రాలేదని కోర్టు ఆఫీసు చెబితే, ఆ మాటే రాతపూర్వకంగా తీసుకోండి.