క్లచ్ డయాఫ్రం స్ప్రింగుకు ఆస్టెంపరింగా, ఆయిల్ క్వెంచింగా?

స్ప్రింగ్‌లైన్:
లైట్ ట్రక్కుల క్లచ్‌లో ప్లేటును నొక్కిపట్టే డయాఫ్రం స్ప్రింగు (మధ్యవైపు వేళ్లలా చీల్చిన గుండ్రటి స్టీలు డిస్కు) చేస్తున్నాం. 50సిఆర్‌వి4 (క్రోమ్-వెనేడియం స్ప్రింగు స్టీలు) షీటు, మందం 3 మి.మీ. లోపే. కావలసిన కాఠిన్యం 44–46 హెచ్‌ఆర్‌సి (రాక్‌వెల్ సి కొలత). ఇప్పుడు ప్రెస్ డైలో బిగించి ఆయిల్ క్వెంచ్ చేసి (కాల్చిన స్టీలును నూనెలో చటుక్కున చల్లార్చి), 430 డిగ్రీల దగ్గర టెంపర్ (పెళుసు తగ్గేలా మళ్లీ వేడి) చేస్తున్నాం. సాల్ట్ బాత్ (కరిగిన ఉప్పు తొట్టి) పెట్టి ఆస్టెంపరింగ్‌కి (నూనెలో కాకుండా ఆ వేడి ఉప్పులో చల్లార్చి అక్కడే ఉంచే పద్ధతికి) మారాలని మా మేనేజర్ పట్టుబడుతున్నారు. అంత ఖర్చుకు ఫలితం ఉంటుందా?

బెయినైట్_పక్షం:
కళ్లు మూసుకుని మారండి. 860 డిగ్రీల నుంచి నేరుగా 330 డిగ్రీల సాల్ట్‌లో ముంచి, మార్పు పూర్తయ్యేదాకా అక్కడే ఉంచితే మార్టెన్‌సైట్ (చటుక్కున చల్లారిస్తే వచ్చే గట్టి, పెళుసు స్ట్రక్చర్) జోలికే పోనక్కర్లేదు. క్వెంచ్ క్రాకుల టెన్షన్ ఉండదు, వంకర తగ్గుతుంది. పలచటి షీటు కాబట్టి నడిమధ్య దాకా బెయినైటే (ఆస్టెంపరింగ్‌లో వచ్చే స్ట్రక్చర్). టఫ్‌నెస్‌లో (విరగకుండా తట్టుకోవడంలో) దానికి సాటి లేదు.

పాత_ఫర్నేస్:
సాటి లేదు సరే, ఏ కాఠిన్యం దగ్గర? 50 హెచ్‌ఆర్‌సి దరిదాపుల్లో అయితే మీ మాట ఒప్పుకుంటా. అంత కాఠిన్యం నిలవాలంటే తక్కువ వేడిలో టెంపర్ చేయాలి, 250–370 మధ్య ఉక్కు పెళుసుబారుతుంది. అక్కడ బెయినైట్ గెలుస్తుంది. వీళ్లు చేసేది 430 దగ్గర, ఆ గండం దాటేశారు. 45 దగ్గర రెండింటికీ తేడా బాగా తగ్గిపోతుంది. క్లచ్ ప్లేటులో ఉండే పలచటి కుషన్ స్ప్రింగు, మామూలు కార్బన్ స్టీలుది, దానికి ఆస్టెంపరింగే చేయించండి. దీనికి అక్కర్లేదు.

అసలు చూడాల్సింది పైపొర. ఫర్నేస్ గ్యాస్ సరిగా లేక కార్బన్ పోతే, 0.05 మి.మీ. మెత్తటి పొర చాలు, ఫెటీగ్ బలం (పదేపదే వంగినా పగలకుండా ఉండే శక్తి) పడిపోతుంది. లోపల ఏ స్ట్రక్చర్ ఉన్నా లాభం లేదు. పగులు ఎక్కువగా వేళ్ల మధ్య చీలిక చివరనే మొదలవుతుంది. అక్కడ ఒక ముక్క కోసి, పాలిష్ చేసి, అంచు నుంచి లోపలికి మైక్రో హార్డ్‌నెస్ చూడండి. సాల్ట్ బాత్ డబ్బు గ్యాస్ కంట్రోల్‌కీ షాట్ పీనింగ్‌కీ (చిన్న గుళ్లతో పైపొరను కొట్టి గట్టిపరచడం) పెట్టండి.

ఆటోనగర్_గ్యారేజ్:
విజయవాడ నుంచి. మీ బెయినైట్ సంగతి నాకు తెలియదు గానీ, మేం విప్పే క్లచ్‌లలో స్ప్రింగు విరిగినవి తక్కువ. రిలీజ్ బేరింగ్ రాసుకునే చోట వేళ్ల కొనలు గాడిపడ్డవే ఎక్కువ. ఇంకొన్ని నీలంగా మారి ఉంటాయి, డ్రైవరు క్లచ్ మీద కాలు తీయకుండా నడిపాడన్నమాట.

పాత_ఫర్నేస్:
నీలం తేలిందంటే 300 డిగ్రీల దాకా పోయినట్టే. క్రోమ్-వెనేడియం స్ప్రింగుకు 220 పైన భరోసా లేదు, లోడ్ జారిపోతుంది. పీనింగ్ బలం కూడా సడలుతుంది. దానికి ఆస్టెంపరింగ్ మందు కాదు. కొనల అరుగుదలకు మాత్రం ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటు కాయిల్‌తో వేడిచేసి గట్టిపరచడం) ఉంది, ఆ కొన వరకే.

బెయినైట్_పక్షం:
ఆయిల్ పొగ, మంటల ప్రమాదం ఎవరూ లెక్కలో వేయరేం?

పాత_ఫర్నేస్:
మీ సాల్ట్ బాత్‌లో ఉండే నైట్రేట్ సాల్ట్‌లో సయనైడ్ పడితే పేలుడే కదా సార్. కడిగిన నీళ్లు శుద్ధి చేయకుండా కాలవలో వదలడానికీ లేదు.

స్ప్రింగ్‌లైన్:
రేపు ముక్క కోయిస్తున్నా. పీనింగ్ ఇప్పుడు ఒక వైపే చేస్తున్నాం. అది టెన్షన్ పడే (లాగుడుకు గురయ్యే) వైపేనో కాదో డ్రాయింగ్‌లో లేదు. ఎలా తేల్చాలి?