అప్‌డేట్: మా ఇంటి ‘ఆదిత్య 369’ వీసీడీ సంగతి

నాన్న దాచుకున్న ‘ఆదిత్య 369’ సినిమా వీసీడీని (పాత వీడియో సీడీ) కొత్త టీవీకి తగ్గట్టు బాగుచేయొచ్చా అని పోయిన నెల అడిగాను కదా, చేసి చూశాను. రెండు రాత్రులు సాఫ్ట్‌వేర్ నడిపితే మొహాలు మైనపు బొమ్మల్లా వచ్చాయి. రాయలవారి సభలో నగలన్నీ కలిసిపోయి ఒకటే పసుపు మరక. మీలో ఒకరు ముందే హెచ్చరించారు: వీసీడీ ఫ్రేములో ఉండేది 352×288, అంటే దాదాపు లక్ష చుక్కలే. కొత్త టీవీల 4కే ఫ్రేములో అయితే సుమారు 83 లక్షలు. లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది, అంతే.

1991 నాటి ఫిల్మ్ ఇది. నిజంగా బాగుచేయాలంటే ఆ రీలునే స్కాన్ చేసి, దుమ్మూ గీతలూ తీసి, రంగులు సరిచేయాలి. పైగా పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్ లాల్ ముగ్గురూ కెమెరా పట్టిన సినిమా. సినిమా అంతటికీ ఒకే రంగు పులిమి నేను పాడుచేసింది వాళ్ల వెలుగునే.

2025 ఏప్రిల్ 4న 4కేలో మళ్లీ విడుదలైనప్పుడు హాల్లో చూడలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది. అదే బ్లూరేగా వస్తే మొదటి డిస్కు నాన్నకే. ప్రస్తుతానికి వీసీడీని ఏ మార్పూ లేకుండా హార్డ్ డిస్కులోకి కాపీ చేసి పెట్టాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.