చెల్లి పెళ్లికి అడ్డాకు విస్తర్లా, బఫే ప్లేట్లా?

బరంపురం కుర్రోడు: వచ్చే నెల పర్లాకిమిడిలో చెల్లి పెళ్లి. ఆరు వందల మంది భోజనాలు. నేను అడ్డాకు (అడవి తీగకు కాసే వెడల్పాటి ఆకు) విస్తర్లు అంటున్నా. మామయ్యేమో "నాలుగు రోజులు సిటీలో ఉండొచ్చి మాకే చెబుతావేంట్రా" అంటున్నారు. బరంపురంలో 2018 అక్టోబరు 2నే ప్లాస్టిక్ సంచులు, థర్మకోల్ ప్లేట్లు వద్దన్నారు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు దేశమంతా నిషేధం. ఏమంటారు?

గుణుపురం అల్లుడు: పేపర్ ప్లేట్లు పెట్టెయ్, గొడవే లేదు.

పాత బస్టాండు: పేపర్ కప్పులో టీ కారకుండా ఉందంటే లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉన్నట్టే బాబూ. పేరుకే పేపరు.

రాయగడ వంటాయన: ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకు వండుతున్నాను, ఒక మాట చెప్తాను. తేడా విస్తరిలో లేదు, కూర్చోబెట్టడంలో ఉంది. బంతి భోజనమైతే ఆకు చాలు. చారు పోసినా కింద బల్ల ఉంటుంది, డొప్ప ఉంటుంది. బఫేలో మనిషి నిలబడి ఒంటిచేత్తో పట్టుకోవాలి, ఆకు వంగిపోతుంది. అందుకే గట్టి ప్లేటు అడుగుతారు. పైగా బఫేలో ఎవరికి వారే ఒకేసారి వడ్డించుకుంటారు, సగం పారేస్తారు. బంతిలో అడిగి అడిగి వేస్తాం. నా డేగిసాల లెక్కలో అన్నం ఆదా అయ్యేది అక్కడే.

గుణుపురం అల్లుడు: బంతులంటే వడ్డించేవాళ్ల కూలీ ఎవరిస్తారు గురువుగారూ? ఆరు వందల మంది అంటే నాలుగైదు బంతులు. ఆఖరి బంతికి మగపెళ్లివారు కూర్చుంటే ఇక చూసుకోండి!

రాయగడ వంటాయన: నిజమే, ఖర్చవుతుంది. కాదనను.

సంతలో సవతి: ఆకులు కొనేటప్పుడు తిరగేసి చూడండి. మెషీన్లో నొక్కిన వాటిలో కొన్నింటికి అడుగున పాలిథిన్ కాగితం అంటిస్తారు. ఎకో అని రేటు మాత్రం ఎక్కువ! వెదురు ఈనెలతో కుట్టినవి సంతలో ఆడవాళ్ల దగ్గర కొంటే డబ్బు నేరుగా వాళ్ల చేతికే పోతుంది. బేరం మాత్రం ఆడకండి. ఆకు కోసం కొండెక్కి దిగాలి.

పాత బస్టాండు: స్టీలు కంచాలు అద్దెకు తెస్తే?

సంతలో సవతి: మే నెలలో కడగడానికి నీళ్లు మీరు ట్యాంకరులో తెస్తారా?

బరంపురం కుర్రోడు: మామయ్యకు వంటాయన మాట చదివి వినిపించాను. "బంతులైతే సరే, వడ్డన మనవాళ్లే చెయ్యాలి" అన్నారు. ఇప్పుడు పిన్ని కొడుకులందరికీ ఫోన్లు చేస్తున్నా. ఇద్దరు అప్పుడే సెలవు లేదన్నారు.