కిలిమంజారో మరంగు రూట్: 5 రోజులా, 6 రోజులా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

మల్లెతీగ:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో నేనూ మా తమ్ముడూ టాంజానియాలోని కిలిమంజారో ఎక్కడానికి వెళ్దామనుకుంటున్నాం. నాకు 47, వాడికి 39. వాడు రోజూ పరిగెత్తుతాడు. నేను రోజూ గంటసేపు నడుస్తాను, అంతే. నాకు టెంట్‌లో నిద్ర పట్టదు, అందుకని హట్‌లు ఉన్న మరంగు రూట్ చూసుకున్నాం. ఏజెన్సీ వాళ్లు 5 రోజులది, 6 రోజులది రెండు ప్యాకేజీలు పంపి, "ఫిట్‌గా ఉంటే 5 రోజులు చాలు" అంటున్నారు. ఆ ఒక్క రోజుకు అడుగుతున్న డబ్బు చూస్తే గుండె గుభేలుమంది. నిజంగా అవసరమా? హట్‌లు, బాత్రూమ్‌లు, చలి, తిండి, ఏ సంగతైనా సరే చెప్పండి.

పాతబూట్లు:
6 రోజులు. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

నేను 5 రోజులది తీసుకుని సగంలో దిగొచ్చినవాణ్ణి, అందుకే అంత గట్టిగా చెప్తున్నా. లెక్క చూడండి. మరంగు గేటు 1,900 మీటర్లకు కాస్త తక్కువ. మొదటి రాత్రి మండారా హట్, 2,720. రెండో రాత్రి హొరోంబో, 3,720. మూడో రాత్రి కిబో, 4,720. రోజుకు వెయ్యి మీటర్ల చొప్పున ఎక్కేస్తాం. ఆ మూడో రాత్రి కూడా తెల్లారేదాకా పడుకోనివ్వరు, పదకొండింటికల్లా లేపేస్తారు. కారు దిగిన నాలుగో రోజు పొద్దున్నే 5,895 మీటర్ల మీద నిలబడాలన్నమాట. కాళ్లు ఎంత గట్టివైనా రక్తానికి అంత తొందరగా అలవాటు కాదు.

నాకు హొరోంబోలోనే తలనొప్పి మొదలైంది. గైడ్ అడిగితే "బాగానే ఉన్నా" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. రెండు పారాసెటమాల్ మింగి పడుకున్నా. మూడో రాత్రి హాన్స్ మేయర్ గుహ దాటాక కంకరలో మోకాళ్ల మీద కూర్చుని, కడుపులో ఉన్న అల్లం టీ అంతా కక్కేశాను. గైడ్ నా ముఖం మీద టార్చ్ వేసి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా నా బ్యాగ్ తీసి తన భుజాన వేసుకుని కిందకి తిరిగాడు. విచిత్రం ఏంటంటే, హొరోంబో చేరేసరికి తలనొప్పి ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది.

రవ్వలడ్డు:
మేము 6 రోజులది తీసుకుని ఉహురు శిఖరం (అన్నిటికంటే పైది) దాకా వెళ్లాం. పాతబూట్లు గారి మాటే నాదీ. డబ్బు సంగతి కొంచెం విప్పి చెప్తాను. మేము వెళ్లినప్పుడు విదేశీయులకు పార్క్ ఫీజు రోజుకు 70 డాలర్లు, హట్‌కి రాత్రికి 60, దాని మీద 18 శాతం వ్యాట్. ఒక రోజు పెరిగితే పార్కుకే దాదాపు 153 డాలర్లు పోతాయి. మీ ఏజెన్సీ అంతకంటే కాస్త ఎక్కువ అడిగితే అది గైడ్, పోర్టర్ల కూలి, తిండి. మరీ ఎక్కువ అడిగితే బేరమాడండి.

ఆ అదనపు రోజు హొరోంబోలోనే ఉంటారు. పొద్దున జీబ్రా రాక్స్ దాకా ఎక్కించి, మధ్యాహ్నానికి మళ్లీ కిందికి తెస్తారు. నల్లరాతి మీద తెల్లచారలతో అచ్చం చీర కుచ్చిళ్లలా ఉంటుంది. పైకి వెళ్లి, కింద పడుకోవడం. శరీరానికి కావలసింది అదే.

ఇక హట్‌లు. మండారా, హొరోంబోల్లో చెక్కతో కట్టిన చిన్న చిన్న హట్‌లు, పైకప్పు నేలదాకా వాలి ఉంటుంది. ఒక్కోదాంట్లో నలుగురి నుంచి ఆరుగురు. పరుపు, దిండు ఇస్తారు, స్లీపింగ్ బ్యాగ్ మనదే. సోలార్ లైటు ఉంటుంది కానీ దాని వెలుగులో జిప్పు వెతుక్కోవడం కూడా కష్టమే, హెడ్‌లైట్ తలగడ కిందే పెట్టుకోండి. భోజనాలకు వేరే హాలు. కిబో మాత్రం రాతి గోడల కట్టడం, లోపల డార్మిటరీ. మీ గదిలో ఎవరు పడతారో మీ చేతిలో లేదు. మాతో ఒక పెద్దాయన పడ్డాడు, ఆయన గురక ముందు పక్కనున్న మావెంజి శిఖరం మీద గాలి కూడా దిగదుడుపే. ఇయర్ ప్లగ్స్ రెండు జతలు తీసుకెళ్లండి, ఒకటి ఎలాగూ పోతుంది.

గాలిపటం:
ఒక మాట. హట్‌లు ఉన్నాయని మరంగు తీసుకోవడమే నాకు నచ్చదు. పైకి వెళ్లిన దారిలోనే కిందికి రావాలి, చూసిందే చూడాలి. మేము లెమోషో అనే ఇంకో రూట్ నుంచి 8 రోజుల్లో వెళ్లాం, టెంట్లలో. నాకూ టెంట్‌లో నిద్ర పట్టదనే అనుకున్నాను. నాలుగు వేల మీటర్ల మీద హట్‌లో అయినా ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదండీ, గోడ చెక్కదా గుడ్డదా అన్నది లెక్కలోకి రాదు. అదే డబ్బుకు ఇంకో రెండు రోజులు కలుపుకుంటే ఎక్కే అవకాశాలు పెరుగుతాయి. మరంగుని "కోకాకోలా రూట్" అంటారు, హట్‌ల దగ్గర కూల్‌డ్రింకులు అమ్ముతారు కాబట్టి. ఆ పేరు విని తేలిక అనుకుని వెళ్లి దెబ్బతిన్నవాళ్లు చాలామంది.

రవ్వలడ్డు:
గాలిపటం గారూ, అదే డబ్బుకు 8 రోజులు ఎక్కడొస్తాయండీ? రోజుకో ఫీజు కదా. అలవాటు పడటానికి లెమోషో మంచిదన్నది మాత్రం ఒప్పుకుంటాను. కానీ వాన పడిన రాత్రి తడి టెంట్ గుడ్డ ముఖానికి తగులుతుంటే పడుకున్నవాళ్లకి హట్ విలువ తెలుస్తుంది. పొడిగా పడుకోవడం చిన్న విషయం కాదు.

గాలిపటం:
సరే, వాన సంగతి ఒప్పుకున్నా :) ఏప్రిల్, మే, నవంబర్ తప్పించుకుంటే ఆ బాధ చాలావరకు ఉండదు. మల్లెతీగ గారు ఫిబ్రవరి అంటున్నారు, మంచి కాలమే.

తులసికోట:
వృత్తిరీత్యా డాక్టర్ని, రెండేళ్ల క్రితం మరంగులోనే వెళ్లాను. ఎసిటజోలమైడ్ (అందరూ డయామాక్స్ అంటారు) సంగతి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా పనిచేస్తుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలయ్యే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు మీ డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. వేళ్ల కొసలు చీమలు పాకినట్టు జివ్వుమంటాయి, కంగారు పడకండి. మూత్రం ఎక్కువగా వస్తుంది. ఇది చదవడానికి చిన్న మాట. హొరోంబోలో రాత్రి రెండింటికి స్లీపింగ్ బ్యాగ్ జిప్పు తీసి, జాకెట్ తొడిగి, బూట్లు వెతికి, కిర్రుమనే తలుపు తీసి, గడ్డి మీద పేరుకున్న మంచు తొక్కుకుంటూ వెళ్లేటప్పుడు అర్థమవుతుంది. ఒకటి రెండుసార్లు కాదు, నాకు నాలుగుసార్లు. నాలుగోసారి మాత్రం తలెత్తి ఆకాశం చూసి అలాగే నిలబడిపోయాను.

మండారా, హొరోంబోల్లో నీళ్ల టాయిలెట్లు ఉన్నాయి, కుళాయి కింద ముఖం కడుక్కోవచ్చు. కిబోలో గుంత టాయిలెట్లే. అక్కడ నీళ్లు ఉండవు, వంటకూ తాగడానికీ కింది నుంచి పోర్టర్లు మోసుకొస్తారు. అది గుర్తుపెట్టుకుని వాడండి.

తలనొప్పి ఒక్కటే అయితే ఆగి చూడొచ్చు. మాట తడబడినా, తిన్నగా నడవలేకపోయినా, కూర్చున్నచోట కూడా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి. మందు ఇచ్చి పైకి పంపడం అన్నది లేదు. శిఖరం మీద గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర దొరికేదాంట్లో సగం మాత్రమే.

పాతబూట్లు:
"బాగానే ఉన్నా" అనకండి. డాక్టర్ గారి పోస్టుకి నా అనుబంధం అదొక్కటే.

చింతకాయ్:
నేను సామాన్ల గురించి. ఒక్కో పోర్టర్‌కి మొత్తం 20 కిలోలు మించకూడదని పార్క్ నియమం, గేటు దగ్గర తూకం వేస్తారు. అందులో అతని సొంత సామాను కూడా ఉంటుంది కాబట్టి మీ డఫెల్ బ్యాగ్ 15 లోపు ఉంచండి. సింగిల్ యూజ్ ప్లాస్టిక్ బాటిల్స్ పార్కులోకి రానివ్వరు. ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2019 జూన్ నుంచి టాంజానియా మొత్తంలో నిషేధం, బట్టలు అందులో చుట్టి తీసుకెళ్లకండి.

శిఖరం రోజు పైపున్న నీళ్ల సంచి వాడాను. గంటలో పైపు గడ్డకట్టింది, తెల్లారేదాకా పక్కన నీళ్లున్నా తాగలేని పరిస్థితి. మామూలు వెడల్పు మూత బాటిల్‌లో వేడినీళ్లు పోసి, మేజోడులో దూర్చి, తలకిందులుగా పెట్టుకోండి. మంచు పైనుంచి కడుతుంది కదా, అప్పుడు మూత వైపు నీళ్లే ఉంటాయి. ఫోన్, బ్యాటరీలు ఒంటికి ఆనుకున్న జేబులో.

తిండి బాగానే పెడతారు. శాకాహారం అని ముందే రాసి పంపండి. సాయంత్రం టీతో పాప్‌కార్న్ ఇస్తారు, అంత ఎత్తున దాని రుచే వేరు. హొరోంబోలో మాత్రం పళ్లెం వదిలి పక్కకి తిరగొద్దు. మెడ దగ్గర తెల్లమచ్చ ఉన్న పెద్ద కాకులు ఉంటాయి, నా ఉడికించిన గుడ్డు నా కళ్లముందే ఎత్తుకుపోయింది ఒకటి. ఆ రాత్రి చారల ఎలుకలు వచ్చి బిస్కెట్ ప్యాకెట్ సంగతి చూసుకున్నాయి.

టిప్పులు చివరి రోజు ఇవ్వాలి. మేం డాలర్లలో ఇచ్చాం, చిరిగిన నోట్లు, పాతవి తీసుకోలేదు. మా ఏజెన్సీ "అంతా మాకిచ్చేయండి, మేం పంచుతాం" అంది. పోర్టర్లకు అందింది ఎంతో తర్వాత ఒక కుర్రాడు చెప్తే సిగ్గేసింది. ఎవరిది వాళ్ల చేతికే, అందరి ముందూ ఇవ్వండి.

మల్లెతీగ:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ దణ్ణాలు. 6 రోజులది బుక్ చేశాం. తమ్ముడు గొణుగుతున్నాడు. ట్రావెల్ ఇన్సూరెన్స్ పేపర్లు చదివితే చిన్న అక్షరాల్లో "4,500 మీటర్ల వరకు" అని కనిపించింది, మార్పించి 6,000 దాకా ఉన్నది తీసుకున్నాను. ఎవరైనా చూసుకోకపోతే ఒకసారి చూసుకోండి.

మల్లెతీగ (మార్చిలో):
వచ్చేశాం. ఎలా జరిగిందో రాస్తున్నాను.

మొదటి రోజు అడవి. తడి, నాచు, చెట్ల మీద పొడవు తోకల కోలోబస్ కోతులు. గైడ్ ఎంత నెమ్మదిగా నడిచాడంటే తమ్ముడికి చిరాకొచ్చింది. "పోలే పోలే" అంటే స్వాహిలీలో మెల్లగా మెల్లగా అని. ఆరు రోజుల్లో ఆ మాట కనీసం వెయ్యిసార్లు విన్నాను. హొరోంబో దాటాక దారి పక్కన ఆ పెద్ద సెనీసియో చెట్లు, ఎండిన ఆకుల కోటు వేసుకుని నిలబడ్డ మనుషుల్లా ఉన్నాయి. తర్వాత శాడిల్, రెండు శిఖరాల మధ్య ఎడారి. కిబో హట్ కళ్లముందే కనిపిస్తుంది, ఎంత నడిచినా దగ్గరకు రాదు.

రాత్రి పదకొండున్నరకి బయల్దేరాం. నా ముందున్నవాళ్ల బూటు మడమ తప్ప ఇంకేం చూడలేదు. ఒక అడుగు వేస్తే కంకరలో సగం అడుగు వెనక్కి జారుతుంది. గిల్మన్స్ పాయింట్ చేరేసరికి తూర్పున ఎర్రబడుతోంది. 5,685 మీటర్లు, అగ్నిపర్వత బిలం అంచు. అక్కడి నుంచి ఉహురుకి ఎత్తు 200 మీటర్లే, కానీ దాదాపు రెండు గంటల నడక.

గైడ్ నన్ను చాక్లెట్ కాగితం విప్పమన్నాడు. గ్లవ్ తీసి పట్టుకున్నాను. కాగితం కొస కనిపిస్తోంది, వేలు దాని మీదే ఉంది, కానీ లాగాలన్న సంగతి నాకు తట్టడం లేదు. తమ్ముడి పేరు అడిగాడు. చెప్పాను. చాలాసేపటికి చెప్పానట, తమ్ముడు తర్వాత అన్నాడు. గీత గీసి దాని మీద మడమకి బొటనవేలు ఆనిస్తూ నడవమన్నాడు, మూడో అడుగుకే పక్కకి ఒరిగాను. అంతే, అసిస్టెంట్ గైడ్‌తో నన్ను కిందికి పంపేశాడు. తమ్ముడు పైకి వెళ్లాడు.

రెండు రోజులు గైడ్‌తో సరిగ్గా మాట్లాడలేదు. "ఇంకో 200 మీటర్లే కదా" అని లోపల రగులుతూనే ఉంది, ఇప్పటికీ కొంచెం ఉంది. గిల్మన్స్‌కి కూడా సర్టిఫికెట్ ఇస్తారు. తమ్ముడిది ఫ్రేమ్ కట్టించి పెట్టాడు. నాది బీరువాలో ఉంది.

తులసికోట:
మీ గైడ్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైనది. మడమ, బొటనవేలు పరీక్షలో ఒరిగారంటే మెదడు వాపుకు అది మొదటి గుర్తు కావచ్చు. ఆయనకి ఒక మెసేజ్ పంపండి, సంతోషిస్తాడు.

మల్లెతీగ:
నిన్న పంపానండీ. "పోలే పోలే మామా" అని రిప్లై వచ్చింది. అక్కడ మామా అంటే అమ్మ అట. తమ్ముడు నిన్నటి నుంచి అలాగే పిలుస్తున్నాడు.

నీలికుండ:
జూలైలో వెళ్తున్నాం, ఈ చర్చ మొత్తం చదివాను. ఒక్క ప్రశ్న. ఆ కంకరలో దిగేటప్పుడు బూట్లలోకి రాళ్లు పోతాయా? గెయిటర్లు (బూట్ల పైన తొడుక్కునే కవర్లు) కొనాలా?

పాతబూట్లు:
పోతాయి. కొనండి. లేదా అద్దెకి తీసుకోండి, గేటు దగ్గర దొరుకుతాయి. నా బూట్లలోంచి ఇంటికొచ్చాక కూడా గుప్పెడు రాలాయి.