షేన్ లేకుండా ఆడేవాళ్ళని పోగ్స్ అనొచ్చా?

తీగలపెట్టె:
పోగ్స్ బ్యాండ్ గాయకుడు షేన్ మెక్‌గోవన్ 2023 నవంబర్ 30న పోయాడు. ఏడాది తిరక్కుండానే, మొదటి ఆల్బమ్‌కి 40 ఏళ్ళు నిండాయని బ్యాండ్‌లో మిగిలిన స్పైడర్ స్టేసీ, జెమ్ ఫైనర్, జేమ్స్ ఫియర్న్‌లీ లండన్‌లో పోగ్స్ పేరుతో కచేరీ చేశారు. పాటలు వేరే గాయకులు పంచుకున్నారు. 2025లో రెండో ఆల్బమ్ పట్టుకుని టూర్‌కే వెళ్ళారు. ఆ పాటలు ఎదురుగా వినాలని నాకూ ఉంది. కానీ పోస్టర్ మీద ఆ పేరు చూస్తే మనసు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

చివరివరుస:
అనకూడదు. ఆ గొంతు లేనిదే ఆ బ్యాండ్ లేదు. స్నేహితులు కలిసి ఆయన పాటలు పాడుకుంటున్నారని చెప్పుకోమనండి, సంతోషంగా వింటాను. పేరు మాత్రం వద్దు.

బాంజోబాబు:
చివరివరుస గారూ, మీరు బ్యాండ్ వింటున్నారా, ఒక మనిషినే వింటున్నారా? న్యూయార్క్ క్రిస్మస్ పాట అందరికీ తెలుసు కదా, అది ఫైనర్, షేన్ కలిసి రాసింది. వలస వెళ్ళే ఐరిష్ వాళ్ళ మీద ఉన్న గొప్ప పాట గిటారిస్ట్ ఫిలిప్ షెవ్రాన్‌ది. 1988 ఆల్బమ్ మళ్ళీ ఒకసారి వినండి. ఒకచోట స్పెయిన్ ఊరేగింపు బాకాలు, ఇంకోచోట టర్కీ వరస, మధ్యలో జాజ్. ఇవన్నీ ఒక్క తలలోంచి రాలేదు. బాంజో, అకార్డియన్, టిన్ విజిల్ అనే చిన్న రేకు పిల్లనగ్రోవి, ఇవన్నీ పంక్ అనే మొరటు రాక్ సంగీతం వేగంతో పరిగెడుతుంటే ఎవరి కాలూ తడబడకూడదు. దానికి ఎంత సాధన కావాలో వాయించేవాళ్ళకి తెలుస్తుంది. షేన్ పాట ఎత్తుకునేటప్పటికి కింద నేల వేసి ఉంచింది వీళ్ళే.

అట్లాస్:
ముందు ఒక మాట. అందరూ ఐరిష్ బ్యాండ్ అంటారు గానీ ఇది 1982లో లండన్‌లో, కింగ్స్ క్రాస్‌లో పుట్టిన బ్యాండ్. షేన్ కూడా ఇంగ్లండ్‌లోని కెంట్‌లోనే పుట్టాడు.

తీగలపెట్టె:
అట్లాస్ గారూ, అది వేరే చర్చ.

అట్లాస్:
వేరేది కాదండీ. లండన్‌లో పెరిగిన ఐరిష్ పిల్లల కోపం ఈ సంగీతంలో ఉంది. అమ్మానాన్నల ఊరు పాటల్లోనే మిగిలింది, బతికే ఊరు మనవాడు కాదంటుంది. ఊళ్ళో కూర్చుని పాడేవాళ్ళకి ఇంత వేగం అక్కర్లేదు.

చివరివరుస:
బాంజోబాబు గారూ, ఆ నేల వేసినవాళ్ళే 1991లో జపాన్ టూర్ మధ్యలో షేన్‌ని తీసి పక్కన పెట్టారు. అది కూడా రాయండి.

బాంజోబాబు:
రాస్తాను. బాబ్ డిలన్ కచేరీలకి ముందు ఆడాల్సిన షోలకి ఆయన రాలేదు. వచ్చిన రోజు నిలబడగలడో లేదో తెలీదు. ఏళ్ళ తరబడి భరించి, చివరికి హోటల్ గదిలో కూర్చోబెట్టి చెప్పారు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని షేనే అడిగాడట, ఫియర్న్‌లీ తన జ్ఞాపకాల్లో రాశాడు. అంటే ఆయనా ఒప్పుకున్నట్టే.

చివరివరుస:
ఒప్పుకోవడం వేరు, వేరే దారి లేక తల ఊపడం వేరు. ఆ పుస్తకం రాసింది ఎవరు? తీసేసినవాళ్ళలో ఒకడు.

బాంజోబాబు:
2001లో మళ్ళీ కలిశారు కదా! 2014 దాకా ఆయనే పాడాడు కదా! ద్రోహం చేసినవాళ్ళతో 13 ఏళ్ళు ఎవరైనా ఒకే స్టేజీ ఎక్కుతారా?

రాత్రిబండి:
స్టేసీ పాడిన 1993 ఆల్బమ్ నాకు ఇష్టం. ఎవరూ దాని ఊసెత్తరేం?

చివరివరుస:
బాంజోబాబు గారూ, ఎక్కుతారు. ఇంకెక్కడికి పోతారు? మా అన్నయ్య పాడేవాడు. తాగేవాడు కూడా, నిజమే. రిహార్సల్‌కి రావడం లేదని ఒక సాయంత్రం బ్యాండ్ వాళ్ళు ఇంటికొచ్చి, ఇక వద్దులే అని చెప్పి వెళ్ళారు. మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. నెల తిరక్కుండా కొత్తవాడితో అన్నయ్య రాసిన పాటలే పాడారు, అదే పేరుతో. అన్నయ్య గిటార్ మంచం కిందకి తోసేశాడు. మళ్ళీ తీయలేదు. ఇప్పుడు లేడు. మీరు సాధన గురించి నాకు చెప్తున్నారు.

తీగలపెట్టె:
చివరివరుస గారూ, చాలా బాధగా ఉంది.

బాంజోబాబు:
మీ అన్నయ్య విషయంలో నేనేమీ అనను. కానీ ఆ గుమ్మంలో అవతలివైపు నిలబడ్డవాణ్ణి నేను. మావాడు డ్రమ్స్ వాయించేవాడు. మూడుసార్లు మేమే ఆసుపత్రిలో చేర్పించాం. అతను తాగి స్టేజీ మీద పడిపోతే ముందు వరసలో వాళ్ళు ఈలలు వేశారు, ఇంకో గ్లాసు అందించారు. అది చూశాక, ఇతన్ని స్టేజీ ఎక్కించడమంటే మేమే చంపడం అనిపించింది. వద్దని చెప్పింది నేనే. ఆ రాత్రి నాకేం తేలిగ్గా గడవలేదు. షేన్ విషయంలోనూ నా కోపం బ్యాండ్ మీద కాదు. ఆయన తడబడితే మురిసిపోయిన అభిమానుల మీద. పళ్ళు ఊడిపోతే దాన్నీ పంక్ అన్నారు. ఆ గ్లాసు అందించింది మనమే.

చివరివరుస:
నువ్వు చెప్పేది వింటే తీసేయడమే ప్రేమ అన్నట్టుంది. మరి వద్దని చెప్పాక మీవాడి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళావు? నాకు కావాల్సిన లెక్క అదొక్కటే. స్టేజీ దింపారని కాదు నా కోపం. దింపాక ఆ ఇంటి తలుపు ఎవరూ తట్టలేదని. పాటలు అక్కర్లేకపోతే మనిషీ అక్కర్లేదా?

రాత్రిబండి:
ఇద్దరూ కాస్త ఆగండి.

బాంజోబాబు:
రెండుసార్లు వెళ్ళాను. చాలవు. నాకు తెలుసు.

అట్లాస్:
నేనొకటి చెప్పనా? 2023 డిసెంబర్ 8న షేన్ అంత్యక్రియలు టిప్పరరీ జిల్లా నీనాలో జరిగాయి. చిన్నప్పుడు అమ్మ తరఫు వాళ్ళ ఇంట్లో ఆయన గడిపిన చోటు అక్కడికి దగ్గరే. చర్చిలో పోగ్స్ మిగతావాళ్ళు ఆ క్రిస్మస్ పాట వాయించారు, ఐరిష్ గాయకులు గ్లెన్ హాన్సర్డ్, లిసా ఓనీల్ పాడారు, ఇంటివాళ్ళు లేచి నాట్యం చేశారు. వాయించినవాళ్ళలో 1991లో ఆ గదిలో ఉన్నవాళ్ళూ ఉన్నారు.

తీగలపెట్టె:
ఆ వీడియో చూసి నేను చాలాసేపు లేవలేకపోయాను. టిక్కెట్ సంగతి ఇంకా తేల్చుకోలేదు.

చివరివరుస:
నేను చూడలేదు. అన్నయ్య పోయినప్పుడు వాళ్ళలో ఒక్కడూ రాలేదు. అందుకే ఇన్నాళ్ళూ ఆ వీడియో తెరవలేదు. పేరు విషయంలో మాత్రం నా మాట మారదు.

బాంజోబాబు:
మారక్కర్లేదండీ. మీ అన్నయ్య పాట ఏదైనా రికార్డింగ్ ఉంటే ఇక్కడ పెడతారా?

చివరివరుస:
ఒక క్యాసెట్ ఉంది. వెతుకుతాను.