డబ్బు ఖర్చు పెట్టకుండా కూర్చునే చోటు మీ నగరంలో మిగిలిందా?

తీరికవేళ: నేను పెరిగిన పేటలో ఒక ఖాళీ మైదానం ఉండేది. పొద్దున నడిచేవాళ్లు, సాయంత్రం పిల్లలు, చీకటి పడ్డాక కబుర్లకు చేరే పెద్దలు. ఇప్పుడు అక్కడ గోడ, గేటు, వేళల బోర్డు ఉన్నాయి. చెట్లు బాగా పెంచారు, కాదనను. కానీ ఆటలు నిషేధం. ఉమ్మడి స్థలాలు ఇలా ఎందుకు మారుతున్నాయి? మీరు చూసినవి, చదివినవి చెప్పండి.

పాతపటం: గోడలు కొత్తవి కావండీ. ఐరోపాలో పేరున్న పార్కులు కొన్ని ఒకప్పుడు రాజుల వేటస్థలాలు. వియన్నాలోని ప్రాటర్‌ను చక్రవర్తి రెండో జోసెఫ్ 1766లో జనానికి తెరిచాడు. అది ఏలికవారి దయ. ప్రజాధనంతో, ప్రజల కోసమే కట్టిన తొలి పార్కుగా చెప్పుకునేది ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ పార్కు, 1847లో తెరిచారు. చుట్టూ ఉన్న స్థలాలను ఇళ్లకు అమ్మి ఖర్చు రాబట్టారు. పార్కు పక్కన భూమి ధర పెరుగుతుందన్న లెక్క అప్పటినుంచీ ఉంది.

1850లో ఆ పార్కును చూసి ముచ్చటపడిన అమెరికా పార్కుల రూపశిల్పి ఓల్మ్‌స్టెడ్, తరువాత వాస్తుశిల్పి వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపమిచ్చాడు. ఆ పార్కు కోసం 1857లో సెనెకా విలేజ్ అనే ఊరిని ఖాళీ చేయించారు. అక్కడివారిలో ఎక్కువమంది నల్లజాతివారు, పలువురికి సొంత ఇళ్లుండేవి. అందరి కోసం అంటూ కట్టేటప్పుడు ఎవరిని లేపి పంపారో కూడా చరిత్రలో రాయాలి. నాకు ఇది చాలా ముఖ్యం.

నూలుపోగు: స్థలం ఒక్కటే సరిపోదు, తీరిక కూడా కావాలి. బ్రిటన్ నూలు మిల్లుల్లో ఆడవాళ్లతో, చిన్నవయసువాళ్లతో శనివారం మధ్యాహ్నం 2 గంటలు దాటాక పని చేయించరాదని 1850 చట్టం చెప్పింది. శనివారం ఆటలకు, షికార్లకు వీలు దొరకడానికి అది ఒక కారణం.

మా నాన్నగారు షిఫ్టుల్లో పనిచేసేవారు. ఆయన ఇంటికి వచ్చే వేళకు పార్కు గేటుకు తాళం పడేది. తాళం ఎప్పుడు వేయాలో నిర్ణయించేవాళ్లు ఎవరి తీరికను లెక్కలోకి తీసుకుంటున్నారు? నాకు ఆ బోర్డు చూస్తే ఇప్పటికీ కోపం వస్తుంది.

వెన్నెలమెట్లు: నూలుపోగు గారూ, గేటు తెరిచి ఉన్నా మా ఆడవాళ్లకు అడ్డంకులు వేరే. ఒంటరిగా పుస్తకం పట్టుకుని కూర్చుంటే, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారని అడుగుతారు. దీపాలు వెలగవు, మరుగుదొడ్డికి తాళం. 1970లలో న్యూయార్క్‌లో పెద్ద భవనాల ముందుండే కూడళ్లను కెమెరాతో గమనించిన పరిశీలకుడు విలియం వైట్, ఆడవాళ్లు తక్కువగా కనిపించే చోట ఏదో లోపం ఉందని గుర్తించాడు. మా కాలనీ పార్కుకు వెళితే ఆ లోపం ఏమిటో నేను వేలు పెట్టి చూపిస్తాను.

పాతపటం: ఆ కూడళ్ల కథ కూడా చెప్పాలి. 1961లో న్యూయార్క్ కొత్త నిబంధన తెచ్చింది: భవనం ముందు జనానికి జాగా వదిలితే పైన అదనపు అంతస్తులు కట్టుకోవచ్చు. జాగా వదిలారు, చాలాచోట్ల కూర్చునే వీలు మాత్రం లేదు. ఆసనాలు తప్పనిసరి చేస్తూ 1975లో నిబంధనలు సవరించారు.

చక్రం: కొత్త భూమి దొరకకపోయినా దారి ఉంది. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు కొన్ని రోడ్లపై మోటారు వాహనాలు ఆపి, సైకిళ్లకు, నడిచేవాళ్లకు వదులుతున్నారు. ఇప్పుడు అది 100 కిలోమీటర్లకు పైగా సాగుతుంది.

తీరికవేళ: మా పేటలో ముందు వేళల గురించి అడగాలనుకుంటున్నాను. రాత్రి 10 వరకు తెరవాలని, పిల్లలకు ఒక మూల ఆటస్థలం వదలాలని అర్జీ రాస్తున్నాను.

వెన్నెలమెట్లు: దీపాలు, మరుగుదొడ్డి కూడా అందులో చేర్చండి. సంతకాలు అడిగేటప్పుడు ఇప్పుడు పార్కుకు రానివాళ్ల దగ్గరకూ వెళ్లండి.